చెల్లెలికి అసైలం ఇంటర్వ్యూ నోటీసు వచ్చింది, కడపలో ఉండి నేనేం సిద్ధం చేయాలి?

పెన్నా ఒడ్డు
మా చెల్లెలు, మరిది అమెరికాలో ఉన్నారు. మరిది చదువు వీసా మీద 2023 జనవరిలో పోయినాడు, చెల్లెలు డిపెండెంట్‌గా పోయింది. అదే ఏడాది నవంబరులో ఆశ్రయం కోసం అర్జీ పెట్టుకున్నారు. అర్జీ చెల్లెలి పేరు మీద, అందులోనే మరిది పేరు. ఇన్నాళ్లూ కదలిక లేదు. పోయిన బుధవారం ఇంటర్వ్యూ నోటీసు వచ్చింది. ఇంక 23 రోజులే ఉంది.

కులాంతర వివాహం. మరిది వాళ్లు ఎస్సీలు, మేము కాదు. 2022 జూన్ 17న పెళ్లి చేసుకున్నారు. పదహారు రోజులకు మా పెదనాయన కొడుకులిద్దరు, వాళ్ల వెంట ఇంకో నలుగురు మరిది ఇంటి మీద పడినారు. మరిది చెయ్యి విరిగింది. చెల్లెలికి తల మీద ఏడు కుట్లు. ఆ తర్వాత ఇద్దరూ బెంగళూరులో దాక్కున్నారు, అక్కడికీ వచ్చినారు.

అక్కడ ఉచితంగా వాదించే లాయరమ్మ దొరికింది, మంచామె. ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి కాగితాలు, సాక్షుల అఫిడవిట్లు, అన్నింటికీ ఇంగ్లిషు అనువాదం కావాలని చెప్పింది. ఇవన్నీ తిరిగి తేవాల్సింది నేనే. మా ఇంట్లో దానితో మాట్లాడేది నేనొక్కదాన్నే, ఆ సంగతి మా నాయనకు తెలియదు.

రాత్రి ఫోన్ చేసి "అక్కా, లోపలికి పోయినాక అన్నీ మర్చిపోతానేమో" అని ఒకటే ఏడుపు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఉగ్గాని బజ్జి
అన్నిటికంటే ముందు పోస్టులో మీ పల్లె పేరు తీసేయండి అక్కా. మరిది చదివే కాలేజీ పేరు కూడా. మనవాళ్లు అందరూ చదివే చోటు ఇది.

పెన్నా ఒడ్డు
తీసేసినాను. తోచలేదు. థాంక్స్ తమ్ముడూ.

డల్లాస్ అనంతపురం
నేను ఇలాంటి ఇంటర్వ్యూలకు మూడుసార్లు ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్లాను, అందుకే వివరంగా రాస్తున్నా.

అది కోర్టు కాదు. జడ్జి ఉండరు, ఎదురు లాయరు ఉండరు. చిన్న గది, ఒక ఆఫీసరు, ఒక కంప్యూటరు. మీ చెల్లెలు, ఆమె లాయరు, ఇంటర్‌ప్రెటర్. అబద్ధం చెప్పనని ప్రమాణం చేయిస్తారు, ఇంటర్‌ప్రెటర్ చేత కూడా. తర్వాత ఐ-589 ఫారం, అంటే మీవాళ్లు పెట్టిన అసైలం అర్జీ, తీసి పేరు, పుట్టిన తేదీ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అంటూ ఒక్కో గడీ అడుగుతారు. తప్పులుంటే దిద్దించుకోవాల్సింది అప్పుడే. ఆ తర్వాతే అసలు విషయం. ఆఫీసరు అడుగుతూనే టైపు చేస్తుంటారు కాబట్టి మధ్య మధ్య నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దం చూసి మనవాళ్లు కంగారుపడి అడగనివి కూడా చెప్పేస్తారు. టైపు చేసుకోనివ్వండి, ఊరికే కూర్చోమనండి.

ఇంటర్‌ప్రెటర్‌ను మనమే తీసుకెళ్లాలి. కోవిడ్ రోజుల్లో ప్రభుత్వమే ఫోన్ మీద పెట్టేది, 2023 సెప్టెంబరు 13 నుంచి మళ్లీ పాత నియమమే. ఇంగ్లిషు సరిగ్గా రాకుండా ఇంటర్‌ప్రెటర్ లేకుండా వెళితే, సరైన కారణం చూపలేకపోతే, ఇంటర్వ్యూకు రానట్టే లెక్క వేయవచ్చు. వచ్చే మనిషికి 18 ఏళ్లు నిండాలి. ఆమె లాయరు పనికిరాదు, సాక్షి పనికిరాడు, మన ఎంబసీలో పనిచేసేవాళ్లు పనికిరారు. సొంతంగా అసైలం అర్జీ పెట్టుకుని ఇంకా ఇంటర్వ్యూ కానివాళ్లూ పనికిరారు. మీ మరిది కేసులోనే ఉన్నాడు కాబట్టి ఆయన ఆలోచన వదిలేయండి.

పెన్నా ఒడ్డు
మరిదే చెబుతాడులే అనుకుంటున్నారు వాళ్లు! ఈ రాత్రికే చెబుతా.

శ్రీశైలం ఘాట్
మీ చెల్లి డిగ్రీ చదివింది కదా, ఇంగ్లిషులోనే మాట్లాడమనండి. మధ్యలో ఇంకో మనిషి ఎందుకు? సగం టైము వాళ్లకే పోతుంది.

డల్లాస్ అనంతపురం
శ్రీశైలం ఘాట్ గారూ, ఒప్పుకోను. ఆఫీసులో పని చేసుకునే ఇంగ్లిషు వేరు, మంచం కిందికి దూరి ఊపిరి బిగపట్టిన రాత్రి గురించి చెప్పే ఇంగ్లిషు వేరు.

నందికొట్కూరు రోడ్డు
మా కజిన్ విషయంలో జరిగింది రాస్తా. ఇంగ్లిషు బాగా వచ్చు, ధైర్యంగా ఇంటర్‌ప్రెటర్ లేకుండానే కూర్చున్నాడు. గొడవ జరిగినప్పుడు మీ నాన్న ఎక్కడున్నారు అని అడిగితే "ఔట్ ఆఫ్ స్టేషన్" అన్నాడు. మనకు ఊళ్లో లేడని అర్థం. ఆ ఆఫీసరు పోలీస్ స్టేషన్ బయట ఉన్నాడని రాసుకున్నాడు. తర్వాత అరగంట "మీ నాన్న స్టేషన్ దాకా వెళ్లి ఎందుకు ఫిర్యాదు ఇవ్వలేదు" అనే ప్రశ్నల చుట్టూనే తిరిగింది. వీడికి తికమక, ఆయనకు అనుమానం. చివరికి లాయరు కల్పించుకుని సరిచేశారు.

శ్రీశైలం ఘాట్
ఇది విన్నాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

బర్మింగ్‌హామ్ బిడ్డ
నాది ఇంగ్లండు కేసు, అక్కడ ఈ అర్జీలు చూసే ప్రభుత్వ శాఖ, హోమ్ ఆఫీసే ఇంటర్‌ప్రెటర్‌ను ఇస్తుంది, మనం పట్టుకెళ్లక్కర్లేదు. నాకు వచ్చినావిడ మన సీమ మనిషి కాదు. నేను "మచ్చుకత్తి" అంటే ఆమె వంటింటి కత్తి అన్నట్టు చెప్పింది. నాకు ఆ మాత్రం ఇంగ్లిషు తెలుసు కాబట్టి ఆపి, మోచేతి పొడవు ఉంటుందని చేత్తో చూపించా. ఇంటర్వ్యూకు ముందే ఆ ఇంటర్‌ప్రెటర్‌తో గంటసేపు మీ చెల్లెలిని మాట్లాడనివ్వండి. కేసు గురించి అక్కర్లేదు, ఊరు, వంట, పండగలు ఏదైనా సరే. మాట కలుస్తుందో లేదో తెలుస్తుంది.

ఇంకోటి, ఆడ ఆఫీసరు కావాలని అడగొచ్చు. నేను అడిగా, ఇచ్చారు. కొన్ని మాటలు మగవాళ్ల ముందు నోరు దాటి రావు.

డల్లాస్ అనంతపురం
అమెరికాలోనూ అడగొచ్చు. లాయరమ్మ ముందుగానే రాసి పంపితే మంచిది. దొరికేది ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లను బట్టి.

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. మన భాషలో ఒక చిక్కుంది. నేను వెళ్లిన మూడింటిలో రెండింటిలో ఇదే ఎదురైంది.

పెన్నా ఒడ్డు గారూ, మీ చెల్లెలికి తోడబుట్టిన అన్నదమ్ములు ఉన్నారా?

పెన్నా ఒడ్డు
లేరు. మేమిద్దరం ఆడపిల్లలమే.

డల్లాస్ అనంతపురం
మరి ఆ రోజు కొట్టింది ఎవరని అడిగితే ఏమంటుంది?

పెన్నా ఒడ్డు
"మా అన్నలు" అంటుంది.
అయ్యో.

డల్లాస్ అనంతపురం
అదే. ఫారంలో అన్నదమ్ములు లేరని ఉంటుంది. ఈమె "మా అన్నలు కొట్టారు" అంటుంది, ఇంటర్‌ప్రెటర్ "బ్రదర్స్" అంటాడు. ఆఫీసరు ఫారం చూస్తారు, బ్రదర్స్ లేరు! అక్కడి చట్టంలో 2005 నుంచి ఒక మాట ఉంది, చిన్న విషయంలో పొంతన కుదరకపోయినా, అది కేసుకు మూలమైన విషయం కాకపోయినా, మనిషిని నమ్మాలా వద్దా అనే లెక్కలోకి తీసుకోవచ్చు. మనకు అన్న అంటే పెదనాయన కొడుకు, పిన్నమ్మ కొడుకు, వీధి చివర టీ కొట్టాయన కూడా. మామ అంటే అమ్మ తమ్ముడు, మొగుడి నాయన, ఊళ్లో పెద్దాయన. వాళ్లకు ఈ లోకమే తెలియదు.

ఒక తెల్ల కాగితం తీసుకోండి. కథలో వచ్చే ప్రతి మనిషికీ పేరు, వరస, ఆ వరసకు విడమరిచిన అర్థం రాయండి. "ఫలానా పేరు, మా నాయన అన్న కొడుకు, మేము అన్న అంటాం." చెల్లెలు ప్రతిసారీ పేరుతో చెప్పడం అలవాటు చేసుకోవాలి. మీ ఇంట్లో ఆడపిల్ల అన్నను పేరు పెట్టి పిలవడం నోటికి ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఇప్పటి నుంచే అలవాటు కావాలి.

జేజి మనవరాలు
మా ఇంట్లో ఆయనను పేరు పెట్టి పిలవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది, ఇరవై రోజుల్లో ఎట్ల అయితాదో చెల్లెలికి. అయితాదిలే, ప్రాణం మీదికొస్తే అన్నీ అయితాయి.

కొండారెడ్డి బురుజు లాయరు
నేను కర్నూలులో ప్రాక్టీసు చేస్తాను. అమెరికా చట్టం జోలికి పోను, అది వాళ్ల లాయరమ్మ చూసుకుంటారు. ఇక్కడి కాగితాల సంగతి చెబుతా.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి, అప్పట్లో అమల్లో ఉన్న సీఆర్‌పీసీ 154(2) ప్రకారం. అది పోయి ఉంటే కేసు ఏ మేజిస్ట్రేట్ కోర్టులో ఉందో అక్కడ కాపీ అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. స్టేషన్ చుట్టూ మీరు తిరగొద్దు. మీరు ఫలానా వారి అమ్మాయి అని పది నిమిషాల్లో మీ పెదనాన్న ఇంటికి కబురు పోతుంది. కోర్టులో అయితే లాయరు గుమాస్తా తెచ్చి పెడతాడు.

ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా చేర్చుకుని ఉంటే వూండ్ సర్టిఫికెట్ (గాయాల పత్రం) ఉంటుంది. చెయ్యి విరిగింది అన్నారు కాబట్టి ఐపీసీ 320 కింద అది తీవ్ర గాయం. ఆ కాగితం ముఖ్యం. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే కూడా వెతకండి.

కేసు అట్రాసిటీ చట్టం కింద కట్టారా?

పెన్నా ఒడ్డు
మొదట కట్టలేదు సార్. "ఇంట్లో గొడవ, మీలో మీరు మాట్లాడుకోండి" అని పంపించేసినారు. మరిది కట్టుతోనే కూర్చుని ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో రాసినాడు. అప్పుడు ఎఫ్‌ఐఆర్ అయింది, కానీ మామూలు కొట్లాట సెక్షన్లే. అట్రాసిటీ సెక్షన్ రెండు నెలల తర్వాత చేర్చినారు, అప్పటికి వీళ్లు ఊళ్లో లేరు.

కొండారెడ్డి బురుజు లాయరు
ఆ రిజిస్టర్డ్ పోస్టు రసీదు, అక్నాలెడ్జ్‌మెంటు కార్డు ఉన్నాయా? ఉంటే అవి చాలా విలువైనవి. రక్షణ అడిగారు, సమయానికి దొరకలేదు అనడానికి అంతకంటే సూటి రుజువు ఇంకోటి ఉండదు.

పెన్నా ఒడ్డు
రసీదు ఉంది. మరిది వాళ్లమ్మ బియ్యం డబ్బాలో దాచింది. అంచు కాస్త ఎలుక కొరికింది, నంబరు కనబడుతుంది.

కొండారెడ్డి బురుజు లాయరు
రేపే వెళ్లి ఫోటో తీయండి, రెండు వైపులా. ఎలుక కొరికినది కొరికినట్టే ఉండనీయండి, అంటించడం, లామినేషన్ చేయడం వద్దు.

ఎర్రమల
నేను అడిగేది చెడ్డగా అనుకోవద్దు. ఇంత పెద్ద దేశం ఉంది. బెంగళూరు కాకపోతే పూణే, పూణే కాకపోతే ఢిల్లీ. సొంత ఊళ్లో ప్రమాదం ఉంటే ఇంకో ఊరికి పోతాం, దేశం విడిచి ఆశ్రయం అడగాలా? మిర్యాలగూడ పరువు హత్య కేసులో కోర్టు శిక్ష వేసింది కదా, అంటే మన దగ్గర న్యాయం ఉన్నట్టే కదా?

ఉగ్గాని బజ్జి
ఆమె బాధలో ఉంటే ఇదా అడిగేది?

డల్లాస్ అనంతపురం
ఉగ్గాని, ఆయనను ఆపకు. సరిగ్గా ఈ ప్రశ్నే ఆఫీసరు అడుగుతారు. ఇండియా వాళ్లను దాదాపు తప్పకుండా అడిగేది ఇదే, "మీ దేశంలో వేరేచోట బతకలేరా?" కోపం లేకుండా జవాబు చెప్పగలగాలి. పెన్నా ఒడ్డు గారూ, బెంగళూరులో ఏం జరిగిందో ఇక్కడే ఎర్రమల గారికి చెప్పి చూడండి.

పెన్నా ఒడ్డు
ఆగస్టులో పోయినారు. మారతహళ్లి పక్కన ఒక గది. అక్కడ పీజీ హాస్టళ్లు నడిపేవాళ్లలో సగం మంది మన వైపు వాళ్లే, అందరికీ తెలిసిందే. మరిది కూరగాయలకు పోయినప్పుడు మా పెదనాయన వియ్యంకుల తాలూకు మనిషి చూసినాడు. పలకరించినాడు కూడా, నవ్వుతూ. నాలుగో రోజు రాత్రి తలుపు కొట్టినారు. వీళ్లు తియ్యలేదు, పక్కింటి తమిళాయన లేచి అరిస్తే పోయినారు. తెల్లారి చూస్తే తలుపు మీద కొడవలి గాటు, రెండు వేళ్ల లోతు. ఆ ఫోటో ఉంది. తర్వాత రెండు గదులు మారినారు. మరిది తన ఆధార్ ఇవ్వడానికి కూడా భయపడినాడు.

ఎర్రమల
తప్పుగా అడిగాను అనుకుంటే క్షమించండి అక్కా. అర్థమైంది. ఇదే మాట ఇదే వరసలో చెబితే నాలాంటివాడికి కూడా ఇంక ప్రశ్న మిగలదు. ఆ ఫోటో తప్పక పెట్టండి.

కొండారెడ్డి బురుజు లాయరు
ఎర్రమల గారి రెండో ప్రశ్నకు నా జవాబు. మిర్యాలగూడ హత్య 2018 సెప్టెంబరులో, ఆసుపత్రి బయట, భార్య పక్కన ఉండగానే. తీర్పు వచ్చింది 2025 మార్చిలో. ఒకరికి ఉరి, మిగతావారికి యావజ్జీవం. మంచి తీర్పు. కానీ అది చనిపోయిన తర్వాత దొరికిన న్యాయం. అదే 2018 మార్చిలో సుప్రీంకోర్టు శక్తి వాహిని కేసులో ఇలాంటి జంటలకు రక్షణ గృహాలు, జిల్లాకో ప్రత్యేక విభాగం ఉండాలని చెప్పింది. ఆ తీర్పు వచ్చిన ఆరు నెలలకే ఈ హత్య. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూపమని లాయరమ్మకు చెప్పండి.

రాయచోటి కువైట్
మా అమ్మ పద్దెనిమిదేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసింది. అక్కడ ఎంత కష్టమొచ్చినా ఇట్ల అర్జీ పెట్టుకుందామంటే దారే లేదు, 1951 శరణార్థుల ఒప్పందంలో కువైట్ చేరలేదు. మన దేశమూ చేరలేదనుకోండి. మా అమ్మకు తెలిసినదల్లా ఆమ్ మాఫీ (సర్కారు క్షమాభిక్ష) ఎప్పుడిస్తారా అని చూడటమే. మీ చెల్లెలికి కూర్చోబెట్టి వినే మనిషి ఒకరు దొరికినారు, ధైర్యంగా పొమ్మనండి.

సగిలేటి గట్టు
మాకు తెలిసిన ఒక కన్సల్టెన్సీ వాళ్లు కథ బలంగా రాసిస్తారు. నాలుగు దెబ్బలు ఎక్కువ చెప్పినా పోయేదేముంది, గెలవడం ముఖ్యం. కావాలంటే నంబరు పెడతా.

డల్లాస్ అనంతపురం
వద్దు. దయచేసి నంబరు పెట్టొద్దు.

నందికొట్కూరు రోడ్డు
సగిలేటి గట్టు, ఇది ప్రాణాల మీదికి తెచ్చే సలహా. కావాలని అబద్ధపు అర్జీ పెట్టారని తేలితే ఆ మనిషికి అమెరికా ఇమ్మిగ్రేషన్‌లో ఇక దాదాపు ఏ దారీ మిగలదు, జీవితాంతం. ఐ-589 ఫారంలోనే ఆ హెచ్చరిక ఉంటుంది. మా ఊరబ్బాయికి ఒక ఏజెంటు ఇట్లే కథ రాసిచ్చాడు. ఇంటర్వ్యూలో ఆఫీసరు "మీరు పారిపోయిన రోజు వాన పడుతోందని రాశారు, చెప్పులు వేసుకున్నారా?" అని అడిగింది. వాడికి తెలియదు, అది వాడి రోజు కాదు కదా.

ఆ పిల్ల తల మీద నిజంగానే ఏడు కుట్లు ఉన్నాయి. ఇంకేం కలపాలి దానికి?

సగిలేటి గట్టు
నాకు ఇంత దూరం తెలియదు. మాట వెనక్కి తీసుకుంటున్నా, అక్కా ఏమనుకోవద్దు.

పెన్నా ఒడ్డు
ఏమీ అనుకోలేదు తమ్ముడూ.
ఇప్పుడు భయం పట్టుకుంది. కోర్టు కాపీ వచ్చింది, ఎఫ్‌ఐఆర్‌లో సంఘటన తేదీ 03/07/2022, ఆదివారం. చెల్లెలు ఫారంలో జూలై 2, శనివారం రాత్రి అని రాసింది. ఒకరోజు తేడా. ఏది తప్పు?

డల్లాస్ అనంతపురం
ఎన్ని గంటలకు జరిగింది?

పెన్నా ఒడ్డు
రాత్రి రెండు గంటలకు.

డల్లాస్ అనంతపురం
రెండూ తప్పు కాదు. మనకు తెల్లారేదాకా శనివారం రాత్రే. కాగితానికి పన్నెండు దాటితే ఆదివారం. "శనివారం రాత్రి పడుకున్నాక, క్యాలెండరు ప్రకారం జూలై 3 తెల్లవారుజామున రెండింటికి" అని లాయరమ్మ చేత సవరణ రాయించండి, ఇంటర్వ్యూ మొదట్లో ఫారం చూసేటప్పుడు ఆఫీసరుకు ఈ మాటే చెప్పాలి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

అంతకంటే పెద్ద ప్రమాదం మీ కాగితంలోనే ఉంది, చూశారా? 03/07/2022 అని అమెరికాలో చదివితే మార్చి 7. పెళ్లి జూన్‌లో. పెళ్లికి ముందే పెళ్లి చేసుకున్నందుకు కొట్టారని అవుతుంది! అనువాదంలో నెల పేరు అక్షరాల్లో రాయాలి. ప్రతి తేదీకీ.

జేజి మనవరాలు
ఒళ్లు జలదరించింది ఇది చదివి.

ఉగ్గాని బజ్జి
అనువాదం నేను చేసిపెడతా అక్కా, డబ్బులు వద్దు. నోటరీ ఏమైనా కావాలా?

డల్లాస్ అనంతపురం
నోటరీ అక్కర్లేదు. "నాకు రెండు భాషలూ వచ్చు, ఇది పూర్తి, సరైన అనువాదం" అని నువ్వు రాసి సంతకం పెట్టి, పేరు, చిరునామా, తేదీ వేస్తే చాలు. "సదరు ముద్దాయిలు" లాంటి పోలీసు తెలుగును అందంగా మార్చకు, ఉన్నది ఉన్నట్టు. ఏ లైనూ వదలకు. చదవలేని చోట చదవలేకపోతున్నామని రాయి.

బర్మింగ్‌హామ్ బిడ్డ
"ఇంట్లో గొడవ" అనే మాట గురించి ఎవరూ చెప్పలేదు. పోలీసులు అన్నారని పైన రాశారు. మనం కూడా అలవాటుగా అదే అంటాం. నేను రెండుసార్లు అన్నాను, ఆఫీసరు "అయితే ఇది కుటుంబ కలహమా" అని అడిగారు. ఎందుకు కొట్టారు అన్నదే అసలు ప్రశ్న. కులం, మతం, జాతి, రాజకీయ అభిప్రాయం, ఫలానా గుంపు మనిషి కావడం, ఇలాంటి కారణం తేలాలి. వాళ్లు కొడుతూ ఏమన్నారో ఆ మాటలే చెప్పమనండి, బూతులైనా సరే. నేను సిగ్గుపడి "తిట్టారు" అని ఊరుకున్నా మొదట.

డల్లాస్ అనంతపురం
నూటికి నూరు పాళ్లు. దానికి ఇంకోటి కలుపుతా. మన వైపు "చంపుతా" అనేది అమ్మ కూడా బిడ్డను అంటుంది, అన్నం తినకపోతే. ఆఫీసరుకు మామూలు "చంపుతా"కూ ఆ రాత్రి "చంపుతా"కూ తేడా తెలియాలి. ఎవరన్నారు, చేతిలో ఏముంది, ఎంత దూరంలో నిలబడ్డారు, తర్వాత ఏం చేశారు. అది చెబితే మాట బరువు దానికదే తెలుస్తుంది.

ఊఁ కొట్టడం కూడా మానమనండి. ప్రశ్న వింటూ మనం ఊఁ, ఆఁ అంటూంటాం, వింటున్నామని. వాళ్లకు అది అవును. ప్రశ్న పూర్తిగా విని, తెలుగులోకి వచ్చాక, అప్పుడు నోరు తెరవాలి.

పెన్నా ఒడ్డు
రాత్రి ఫోన్‌లో ప్రాక్టీసు చేసినాం. నేను ఆఫీసరు. పది నిమిషాల్లో పద్నాలుగుసార్లు ఊఁ కొట్టింది. లెక్కపెట్టి చెబితే ఇన్నాళ్లకు ఒకసారి నవ్వింది.

ఇంకొకటి అడగాలి, ఇది కష్టమైనది. మా అమ్మ. అమ్మ కళ్ల ముందే పెదనాయన వాళ్లు మా ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నారు, ఆ రాత్రికి ముందు. అమ్మ అఫిడవిట్ ఇస్తే బలంగా ఉంటుందని నాకనిపిస్తుంది. ఆమె ఇస్తానంటుంది. వేలిముద్ర వేస్తుంది.

శ్రీశైలం ఘాట్
ఇప్పించండి. కన్నతల్లి సాక్ష్యం కంటే ఏముంది?

కొండారెడ్డి బురుజు లాయరు
నేను వద్దంటాను. అమెరికాలో అర్జీ వివరాలు గోప్యంగా ఉంచుతారు, ఇక్కడికి చెప్పరు. కానీ ఇక్కడ స్టాంపు పేపరు కొన్న చోట, నోటరీ దగ్గర, టైపు చేసిన చోట ముగ్గురికి తెలుస్తుంది. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే బతకాలి.

జేజి మనవరాలు
లాయరు సార్ చెప్పిందే నా మాట కూడా. చెల్లెలు దూరంగా ఉంది, అమ్మ అక్కడే ఉంది.

రాయచోటి కువైట్
ఆ రాత్రి ఆసుపత్రికి తీసుకుపోయింది ఎవరు? వాళ్లు రాసియ్యకూడదా?

పెన్నా ఒడ్డు
మరిది వాళ్ల వీధిలో ఆటో ఆయన. దుప్పటి చుట్టి ఎత్తుకుని పోయినాడు ఇద్దరినీ. ఆయన తయారు, ఎప్పుడైనా పిలవమన్నాడు.
అమ్మను వదిలేస్తున్నాను.

ఇంకొక్క మాట. అమ్మ రెండు మూడు నెలలకొకసారి పక్కింటామె ఫోన్ నుంచి చెల్లెలితో మాట్లాడుతుంది. ఈ సంగతి దాచమని మరిది అంటాడు. ఇంట్లోవాళ్లతో మాటలున్నాయంటే రాజీ అయినట్టు అనుకుంటారేమో అని.

నందికొట్కూరు రోడ్డు
నాకూ అదే భయం. అడిగితే తప్ప చెప్పకుండా ఉంటే?

డల్లాస్ అనంతపురం
అడిగితే నిజమే చెప్పాలి, అందులో రెండో ఆలోచన లేదు. లాయరమ్మకు ఈ రోజే చెప్పండి, ఆమె దగ్గర దాచకూడదు. తల్లి దొంగచాటుగా పక్కింటి ఫోన్ నుంచి మాట్లాడాల్సి వస్తోందంటే రాజీ అయినట్టా, కానట్టా? ఆ సంగతి దాచినందువల్ల కేసు పోవచ్చు, చెప్పినందువల్ల పోదు.

బర్మింగ్‌హామ్ బిడ్డ
దాచినది లోపల కూర్చుని ఉంటే మిగతా నిజాలు చెప్పేటప్పుడు కూడా గొంతు వణుకుతుంది. నాకు తెలుసు.

పెన్నా ఒడ్డు
నిన్న ఇంటర్వ్యూ అయింది. ఇప్పుడే ఫోన్ పెట్టినాను.

నాలుగు గంటలు పట్టింది. ఆడ ఆఫీసరే. ఇంటర్‌ప్రెటర్ హిందూపురం ఆమె, బర్మింగ్‌హామ్ బిడ్డ చెప్పినట్టు ముందే మాట్లాడుకున్నారు. ఫారం దగ్గరే జూలై 2, 3 సంగతి చెప్పేసింది. ఆఫీసరు తల ఊపి రాసుకుందంట. అన్నలను పేర్లతోనే చెప్పింది, ఒక్కసారి మాత్రం నోరు జారి "అన్న" అంటే ఇంటర్‌ప్రెటర్ ఆగి, ఏ అన్న అని అడిగింది.

పూణే, ఢిల్లీ అడిగింది ఎర్రమల అన్నా. మీకు చెప్పినట్టే చెప్పింది. తలుపు ఫోటో చాలాసేపు చూసిందంట.

చివర్లో అడిగింది, "పెళ్లయ్యాక మీ అమ్మతో మాట్లాడారా?" అని. చెప్పింది. ఎవరి ఫోన్, ఎంతసేపు, ఏం మాట్లాడతారు అని అడిగితే "వంట ఏం చేసుకున్నావు అంటుంది, పక్కింటామె వాకిట్లో నిలబడి దగ్గితే పెట్టేస్తుంది" అని చెప్పింది. అక్కడ ఏడ్చిందంట. ఆఫీసరు టైపు ఆపి, నీళ్లు ఇచ్చి, పది నిమిషాలు బయట కూర్చుని రమ్మందంట.

ఫలితం పోస్టులో వస్తుందన్నారు. ఎప్పుడో చెప్పలేదు.

ఎర్రమల
రాగానే ఇక్కడ చెప్పండి అక్కా. ఏదైనా సరే.

ఉగ్గాని బజ్జి
నాలుగు గంటలు! అక్కా, చెల్లెలు కడపకు ఎప్పుడొచ్చినా ఉగ్గాని బజ్జి నా లెక్కలో.

మదనపల్లె టమాటా
ఈ చర్చ మొత్తం ఇప్పుడే చదివాను. మా తమ్ముడికి వచ్చే నెల ఇంటర్వ్యూ. ఆ వరసల కాగితం ఎలా రాశారో కాస్త చూపిస్తారా? మాది ఉమ్మడి కుటుంబం, చిన్నాయనలే ఐదుగురు.

పెన్నా ఒడ్డు
రేపు పెడతాను. పేర్లు కొట్టేసి ఫోటో తీయాలి, రెండు పేజీలు ఉంది. మీ తమ్ముడికి ఇంటర్‌ప్రెటర్ దొరికినారా లేదా, ముందు అది చెప్పండి.